రసం గిన్నె కింది కుదురు

తిలోత్తమ పార్లమెంటుకు ఎన్నికై రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళలో దేశానికి ఏం ఒరిగిందో గానీ, నెల్లూరులోని ఆవిడ ఇంట్లో అద్దాల బీరువా మాత్రం నిండిపోయింది. ఎవరు ఏ సభకు పిలిచినా ఒక శాలువా, ఒక జ్ఞాపిక. శాలువాలు ఇస్త్రీ బల్ల మీద పరుచుకోవడానికి పనికొచ్చేవి. జ్ఞాపికలే, ఆ గాజు నెమళ్ళూ ఇత్తడి రథాలూ, దుమ్ము తుడిపించుకోవడం తప్ప మరో పని ఎరగవు. ఆ మాటను రోజుకొకసారి గుర్తుచేసే బాధ్యత అత్తగారు రవణమ్మ ఎవరూ అడక్కుండానే మీదేసుకుంది.

ఆ శనివారం మధ్యాహ్నం రవణమ్మ మాటలు చాలించి చేతల్లోకి దిగింది. బీరువాలో కొత్తగా చేరిన జ్ఞాపిక ఒకటుంది. టేకు పీట మీద నిలబెట్టిన తెల్లటి పింగాణీ వలయం, జానెడు వెడల్పు, పాలమీగడలా నున్నటి అంచు. పీటకున్న ఇత్తడి రేకు మీద ‘విదేశీ ఆయుధ విక్రయాల పరిశీలన సంఘం, గౌరవ సభ్యులకు’ అని చెక్కి ఉంది. రవణమ్మ మరలు ఊడదీసి వలయాన్ని వేరుచేసింది. భోజనాల బల్ల మీద దాన్ని పెట్టి, పొయ్యి మీంచి దించిన రసం గిన్నెను దానిమీద కూర్చోబెట్టింది. అడుగు గుండ్రంగా ఉండే గిన్నె అది. ఎప్పుడూ ఒరిగే గిన్నె ఈసారి బుద్ధిగా నిలబడింది.

“చూస్తివా తిలోత్తమా! రెండేళ్ళకి ఒక్క పనికొచ్చే వస్తువు తెచ్చినావు. ఎంత బాగా కుదిరిందో!”

“అత్తా, అది కుదురు కాదు. గౌరవం.”

“గౌరవమైతే ఏంది, గిన్నె నిలబడిందా లేదా?”

బల్ల చుట్టూ నలుగురు కూర్చున్నారు. తిలోత్తమ భర్త నరహరికి జలుబు. ముక్కు పనిచేయకపోయినా నోరు పనిచేస్తోంది కాబట్టి ఆయన వంకాయ కూర మీద దృష్టి పెట్టాడు. ఆయన చెల్లెలు అలివేణి సముద్రం ఒడ్డున ఉన్న ప్రభుత్వ పింగాణీ ప్రయోగశాలలో శాస్త్రవేత్త. పెళ్ళి, వంట అనే రెండు విషయాల్లోనూ తల్లిని నిరాశపరిచి, శనివారాలు మాత్రం తప్పకుండా భోజనానికి వస్తుంది. 

ముందు నువ్వుల వాసన వచ్చింది. మన నువ్వుండల వాసన కాదు. నువ్వులు చల్లి నిప్పుల మీద కాల్చిన రొట్టె వాసన. బల్ల మీద రొట్టె లేదు. ఎవరో పక్కింట్లో చేస్తున్నారనుకుని తిలోత్తమ మెచ్చుకోబోయింది. అంతలో వాసన మారింది.

“పాలు! పాలు మాడతా ఉండాయి!” రవణమ్మ ఎంగిలి చేత్తోనే వంటింట్లోకి పరుగెత్తింది. వెనకే తిలోత్తమ.

పొయ్యి ఆరిపోయి ఉంది. పాలగిన్నె కడిగి బోర్లించి ఉంది. పాల ప్యాకెట్ ఫ్రిజ్‌లో చల్లగా, కత్తిరించకుండా ఉంది. ముగ్గురాడవాళ్ళ ముక్కుల్లో మాత్రం అడుగంటి నల్లబడిన పాలు, ఆ వెనకే గోడ సున్నం కాలిన ఘాటు.

“ఎవరింట్లో మాడుతున్నాయి మరి?” అంది తిలోత్తమ.

అలివేణి లేవలేదు. ముద్ద చేతిలోనే ఉంది. చూపు గిన్నె కిందికి పోయింది. హఠాత్తుగా లేచి, పైటచెంగుతో గిన్నె పట్టుకుని పక్కన పెట్టి, వలయాన్ని తిప్పి లోపలి అంచున ఉన్న అంకెలు చదివింది.

“వదినా, ఇది నీకెవరిచ్చారు?”

“సంఘం వాళ్ళు. ఏడుగురికీ ఇచ్చారు. ఫొటో కూడా తీశారు. నా కళ్ళు మూసుకుపోయినై అందులో.”

“ఇది నేను చేసింది. ఫిరంగి డ్రోన్ గొట్టం మూతికి తొడిగే వలయం. అరిగిపోయాక తిరిగొస్తే పొడి చేసి పారేయమని నేనే రాశాను.”

“తెల్లగా మెరిసే వస్తువుని పొడి చేయమంటే చేయడానికి ఏ గుమాస్తాకి మనసొప్పుతుంది? పాలిష్ పెట్టి పీటెక్కించారు,” అంది తిలోత్తమ.

అలివేణి నవ్వలేదు.

ఎనిమిదేళ్ళ కిందట ఆ వలయాలన్నీ కాల్చిన ప్రతిసారీ పగిలిపోయేవి. ఒక సెలవు రోజున తల్లి ఆవకాయ జాడీలో పెరుగు తోడుపెట్టి, పెరుగంతా మామిడికాయ వాసన వేసిందని జాడీని తిట్టడం అలివేణి విన్నది. ఎన్నిసార్లు కడిగినా జాడీ తన ఆవకాయను మరవలేదు. మట్టికి ఊపిరి ఉంటుందన్నమాట! వేడికి పొర తెరుచుకుని గాలి పీల్చే, చల్లారితే మూసుకునే పింగాణీ చేస్తే పగలదు. చేసింది. పగల్లేదు. పేల్చిన ప్రతిసారీ ఒక కొత్త పొర ఊపిరి పీల్చి మూసుకుంది. అవార్డు వచ్చింది. అదీ బీరువాలోనే ఉంది, మూడో అరలో, దుమ్ముతో.

“ఆ పీల్చిన గాలి లోపలే ఉండిపోతుందని తర్వాత తెలిసింది,” అంది అలివేణి. “రసం కాగేంత వేడి తగిలితే ఒక్కో పొరా విప్పుకుంటుంది. ట్రంకు పెట్టెలో చీరల్లాగా, చివర పెట్టింది ముందొస్తుంది. దాన్ని లోపమని రాశాను. ‘వాసన శాస్త్రీయ కొలమానం కాదు’ అని డైరెక్టరు ఫైలు మూసేశారు.”

“మళ్ళీ పెట్టు గిన్నె. ఇంకేం వస్తాయో చూద్దాం,” అంది తిలోత్తమ.

“వద్దు!” అలివేణి వలయాన్ని ఒళ్ళోకి లాక్కుంది. “విప్పుకున్న పొర మళ్ళీ చెప్పదు. ఒక్కసారే. అమ్మ ఇప్పటికే రెండు పొరలు రసానికి ఖర్చుపెట్టింది.”

“నాకేం తెలుసమ్మా! కుదురనుకున్నాను,” అంది రవణమ్మ. ఆవిడ గొంతు చిన్నదైపోవడం ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు వినలేదు. గిన్నె వంక చూస్తూ, “ఆ పాలు ఎవురివి?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు తిలోత్తమ దగ్గరుంది. సెరిబా అనే మిత్రదేశానికి ఆ డ్రోన్లు తొలి విడతగా అమ్మింది ఈ దేశమే. సముద్రపు దొంగల మీద, తీరానికి నలభై మైళ్ళ అవతల మాత్రమే వాడతామని సెరిబా ప్రభుత్వం ముద్రలు వేసి రాసిచ్చింది. సముద్రం మీద నలభై మైళ్ళ అవతల నువ్వుల రొట్టె కాల్చేవాళ్ళెవరు? పాలు పొయ్యి మీద పెట్టేవాళ్ళెవరు?

ఇప్పుడు రెండో విడత, నాలుగు వందల డ్రోన్లు. చట్టం ప్రకారం ఆ ఫైలు సంఘంలోని ఏడుగురు సభ్యుల ముందు ముప్ఫై రోజులుంటుంది. ఆ లోపు ఏ ఒక్కరైనా ఆధారం జతచేసి, ఒక నిపుణుడి సంతకంతో ఆక్షేపణ రాసిస్తే అమ్మకం ఆగి సభలో బహిరంగ చర్చకు వెళ్తుంది. ఎవరూ నోరు మెదపకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. ముప్ఫయ్యో రోజు వచ్చే మంగళవారమని తిలోత్తమ చెప్పింది.

“మరి ఈ ఇరవయ్యేడు రోజులు నువ్వేం చేస్తా ఉండావు ఆడ?” అంది రవణమ్మ.

“బిస్కెట్లు తింటున్నాను అత్తా,” అంది తిలోత్తమ. హాస్యానికి మొదలుపెట్టిన మాటే గానీ, పూర్తయ్యేసరికి హాస్యంగా లేదు.

*

మర్నాడు ఆదివారం. ప్రయోగశాలకు సెలవు. గేటు దగ్గర కాపలావాడు అలివేణికి సలాం కొట్టి, తిలోత్తమను చూసి ఇంకో పెద్ద సలాం కొట్టి, ఎందుకొచ్చారని అడగడం మర్చిపోయాడు. పదవి వల్ల కలిగిన లాభాల్లో ఇదొకటని తిలోత్తమ మనసులో గుర్తుపెట్టుకుంది.

లోపల కొలుములు చల్లగా ఉన్నాయి. అలివేణి బీరువాలోంచి ఒక వలయం తీసింది. దేశం దాటనిది, ఇక్కడే సముద్రపు ఒడ్డున ఒక్కసారి పేల్చి చూసినది. ఆవిరి పెట్టెలో పెట్టి మూత కొద్దిగా తెరిచి ఉంచింది. ఇరవై రెండేళ్ళు ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన తిలోత్తమ పెన్ను తీసి కాగితం మీద తేదీ వేసింది. ఏళ్ళ అలవాటు, చేయి దానంతటదే వేసింది.

మొదట ఉప్పుగాలి. సరుగుడు ఆకుల వాసన. మందు కాలిన వాసన. ఆ తర్వాత వచ్చినదాన్ని కాగితం మీద రాయడానికి తిలోత్తమ కొంచెం తటపటాయించింది.

“అలివేణీ, కర్పూరం.”

“ఊఁ.”

“నిమ్మకాయ. కొబ్బరి. ఇదేమిటి, పులిహోరా?”

“ప్రతి బ్యాచ్‌కీ తొలి పేలుడు ముందు పూజ చేస్తాం కదా వదినా. చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. ప్రతి వలయాన్నీ ఆ రోజే ఒకసారి పేల్చి చూస్తాం. పులిహోర క్యాంటీన్ ఓబులేశుది. ఇంగువ ఎక్కువేస్తాడు.”

తిలోత్తమకు నవ్వొచ్చింది. మరుక్షణం నవ్వు ఆగిపోయింది. 

“అంటే ఇక్కణ్ణుంచి వెళ్ళిన ప్రతి వలయం అడుగునా ఈ కర్పూరం ఉంటుంది.”

“ఉంటుంది. ఎన్ని పొరలు పైన పడినా, అట్టడుగున మాదే.”

అలివేణి స్టూలు మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. మట్టి పిసికి పిసికి గోళ్ళు తెల్లగా అరిగిన చేతులు.

“పగలకూడదనే చేశాను వదినా. ఇక్కడ పేల్చి చూసేటప్పుడు పగిలి మనవాళ్ళెవరూ చచ్చిపోకూడదని. అవతలి వైపు గురించి, నిజం చెప్పొద్దూ, ఆలోచించలేదు. నా వలయం వాళ్ళింట్లో మాడిన పాల వాసన కూడా పీల్చుకుని, తిరిగొచ్చి, మన బీరువాలో కూర్చుంది.”

“నాకు నిపుణుల సంతకం కావాలి.”

“తెలుసు. నోరు విప్పనని ప్రమాణం చేసిన ఉద్యోగం నాది. సంతకం పెడితే బుధవారానికి నాకు ఈ గేటు తెరుచుకోదు. ఇదొక్కటే నాకు చేతనైన పని. వంట కూడా రాదు.”

“అది మాకు తెలుసులే.”

అలివేణి వదిన వంక కోపంగా చూసింది. తర్వాత ఆ కోపంతోనే కాగితం లాక్కుంది.

“లోపమని రాసింది నేనే. ఫైలు మూసేస్తుంటే చూస్తూ కూర్చుందీ నేనే. ఇలా ఇవ్వు. ఆ పెన్ను రాస్తుందా, లేక అదీ సన్మానంలో ఇచ్చిందేనా?”

*

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు ఢిల్లీలో సంఘం సమావేశమైంది. నున్నటి పొడవాటి బల్ల, ఏడుగురు సభ్యులు, రెండు పళ్ళేల బిస్కెట్లు, ఒక పెద్ద టీ కెటిల్. మూలన అద్దాల పెట్టెలో, టేకు పీట మీద, ఇలాంటి వలయమే మరొకటి. సంఘానికి ఇచ్చిన జ్ఞాపిక అది.

అధ్యక్షుడు కోదండపాణి తిలోత్తమ పార్టీవాడే. టికెట్ ఇప్పించిందీ ఆయనే. తెల్లటి మీసం, తియ్యటి మాట. ఫైలు తెరవకుండానే, “చదివినట్టే భావిద్దామా?” అన్నాడు. పదకొండేళ్ళుగా ప్రతి సమావేశంలోనూ ఆయన అడిగే ప్రశ్న అది. నాలుగు తలలు ఊగాయి. ఐదోది నిద్రలో ఊగింది.

“నేను ఆక్షేపిస్తున్నాను,” అంది తిలోత్తమ. “ఫారం ఇప్పించండి.”

సంఘం కార్యదర్శి సొరుగులు రెండు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. “మేడమ్, ఆ ఫారం... ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ. అచ్చు వేయించలేదు.”

“తెల్ల కాగితం అచ్చు వేయించారా?”

కాగితం వచ్చింది. తిలోత్తమ అప్పటికే రాసుకొచ్చిన వాక్యాలను దానిమీదకు ఎక్కించింది. అలివేణి సంతకం ఉన్న పత్రం జతచేసింది. సంచీలోంచి తన వలయం తీసి బల్ల మీద పెట్టింది. నువ్వుల రొట్టె గురించి, మాడిన పాల గురించి చెప్పింది. చెబుతుంటే ఒకాయన బిస్కెట్ చూసుకుని నవ్వాడు.

కోదండపాణి కూడా నవ్వాడు. ఆయన నవ్వుకు పెద్దరికం ఉంది.

“అమ్మా తిలోత్తమా, సెరిబా మనకు ఆప్తమిత్ర దేశం. రసం గిన్నె కింద పెట్టిన వస్తువుకి పాల వాసన పట్టిందంటే ఆశ్చర్యమేముంది? మీ వంటింటి మాట ఇక్కడ ఆధారం ఎలా అవుతుందమ్మా?”

“వంటింటికి పోయింది కాబట్టి పనికిరాదంటారు.”

“అంతే కదా మరి!”

“నేనూ ఒప్పుకుంటున్నాను. అయితే వంటింటికి పోనిది తెప్పించండి.” ఆవిడ మూల ఉన్న అద్దాల పెట్టె వైపు చూసింది. “అది వచ్చిన రోజు నుంచీ తాళంలోనే ఉంది. తాళంచెవి మీ దగ్గరే ఉంది.”

కోదండపాణి నవ్వు అలాగే ఉంది గానీ, కళ్ళు అందులోంచి బయటికొచ్చేశాయి. “ఇదంతా అవసరమా?”

“వాసన రాకపోతే నా కాగితం నేనే చింపేస్తాను. టీ తాగి వెళ్ళిపోదాం.”

ఇంతకంటే మంచి బేరం ఆయనకెక్కడ దొరుకుతుంది? తాళంచెవి ఇచ్చాడు. తలనెరిసిన అటెండరు పెట్టె తెరిచి, మరలు విప్పి, వలయాన్ని రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టాడు. తిలోత్తమ పొగలు కక్కుతున్న టీ కెటిల్‌ను దానిమీద కూర్చోబెట్టింది. చక్కగా కుదిరింది. అత్తగారిది మంచి కన్ను.

“కిటికీలు మూయండి,” అంది, క్లాసులో చెప్పినట్టు. మూశారు.

నిమిషం గడిచింది. టీ వాసన తప్ప ఏమీ లేదు. ఎవరో దగ్గారు. తిలోత్తమ పమిట కొసను బల్ల కింద మెలిపెట్టింది. ఇరవై రెండేళ్ళలో ఆడపిల్లల ముందు చేసిన ప్రయోగాల్లో సగం మొదటిసారి ఫలించలేదన్న సంగతి ఆవిడకు ఇప్పుడే గుర్తు రావాలా?

“జిగురు,” అన్నాడు నిద్రపోతున్న సభ్యుడు, కళ్ళు మూసుకునే. “కొత్త పుస్తకాలు. బడి తెరిచిన రోజు వాసన...” కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు. “పుస్తకాలెక్కడ?”

పుస్తకాల వెనకే కాగితం కాలిన వాసన వచ్చింది, చాలాసేపు ఉంది. తర్వాత పసిపిల్లలకు వేసే పౌడరు. ఇందాక నవ్వినాయన బిస్కెట్ కింద పెట్టేశాడు. ఆయనకు ఆ నెలలోనే మనవరాలు పుట్టింది. అందరికీ స్వీట్లు పంచాడు కూడా. పౌడరు పోయి రబ్బరు, ఆ తర్వాత ఏమిటో చెప్పడానికి ఎవరూ ఇష్టపడని వాసన. అటెండరు చేతిగుడ్డ మూతికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగాడు.

ఆపైన ఉప్పు. చేపలు. డీజిలు.

“అదిగో!” కోదండపాణి బల్ల మీద కొట్టాడు. “సముద్రం! చూశారా, సముద్రం!”

“ఔను, సముద్రమే,” అంది తిలోత్తమ. “చివర పెట్టింది ముందొస్తుంది. అంటే మొదట్లో మాట మీదే ఉన్నారు. ఒకసారి. ఆ తర్వాత ఒడ్డుకొచ్చారు. మనం అడగలేదు. ఇంకొంచెం లోపలికి వచ్చారు. అప్పుడూ అడగలేదు.”

“ఇది రికార్డులోకి ఎక్కించొద్దు,” అన్నాడు ఆయన కార్యదర్శితో.

“ఇంకా ఒక పొర ఉందండీ. అది మీకు తెలిసిన పొరే.”

కెటిల్ చల్లారుతోంది. సన్నగా, ఎంతో దూరం నుంచి వచ్చినట్టు, కర్పూరం. నిమ్మకాయ చితికిన పులుపు. కొబ్బరి. అన్నిటికీ అడుగున, ఇంగువ.

కోదండపాణి చేయి బల్ల మీద అలాగే ఉండిపోయింది. ఆ బ్యాచ్ పూజకు ముఖ్య అతిథి ఆయనే. కొబ్బరికాయ కొట్టిందీ ఆయనే. ఒక్క దెబ్బకు రెండు చెక్కలైందని అందరూ చప్పట్లు కొట్టారు. పులిహోర రెండుసార్లు పెట్టించుకుని, ఇంగువ బాగా పడిందని మెచ్చుకున్నాడు.

“ఎక్కించాలా వద్దా అండీ?” అన్నాడు కార్యదర్శి. పెన్ను కాగితానికి ఆనే ఉంది.

అధ్యక్షుడు మాట్లాడలేదు. ఆ సంఘంలో మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే. కార్యదర్శి రాసుకున్నాడు. తిలోత్తమ సంతకం పెట్టి, పక్కన సమయం కూడా వేసింది. పన్నెండు గంటల పది నిమిషాలు.

*

బుధవారం ప్రయోగశాల గేటు అలివేణికి తెరుచుకోలేదు. కాపలావాడు సలాం మాత్రం కొట్టాడు. గురువారం తిలోత్తమను సంఘం నుంచి తప్పించారు. శుక్రవారం ఒక టీవీలో ఆవిడ దేశభక్తి గురించి గంటసేపు చర్చ జరిగింది. నరహరి జలుబు తగ్గినా ఆ గంటసేపూ ముక్కు చీదుతూనే కూర్చున్నాడు.

అయితే ఒక్క చిక్కు ఎవరికీ విడలేదు. ఆక్షేపణ రాసిన మనిషిని తీసేయొచ్చు గానీ, ఆక్షేపణను తీసేయడం కుదరదు. రాసినవాళ్ళు తమ చేత్తో సంతకం పెట్టి వెనక్కి తీసుకుంటే తప్ప అది చర్చకు వెళ్ళి తీరుతుంది. పదకొండేళ్ళుగా ఎవరూ వాడని చట్టం కాబట్టి, ఎవరూ దాన్ని పాడుచేయలేదు.

శనివారం మధ్యాహ్నం పార్టీ ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి నెల్లూరు వచ్చాడు. చేతిలో కవరు, కవర్లో టైపు చేసిన కాగితం, కాగితం చివర సంతకానికి వదిలిన ఖాళీ.

“ఏమీ లేదమ్మా, ఇక్కడొక సంతకం. పైవాళ్ళు మళ్ళీ టికెట్ సంగతి కూడా చూసుకుంటామన్నారు. ఆడపడుచు గారి ఉద్యోగం కూడా.”

తిలోత్తమ అలివేణి వంక చూసింది. అలివేణి బల్ల దగ్గర కూర్చుని, తల్లి పర్యవేక్షణలో, జీవితంలో మొదటిసారి వంకాయలు తరుగుతోంది. తల ఎత్తకుండానే, “వదినా, నాకు ఇక శనివారం కోసం ఆగే పని లేదు. రోజూ ఇక్కడే తింటా. నీకేమైనా ఇబ్బందా?” అంది.

“ముక్కలు అంత లావుగా కోస్తే ఇబ్బందే,” అంది తిలోత్తమ.

లోపలి నుంచి రవణమ్మ గొంతు: “తిలోత్తమా! ఆ కుదురు కాస్తా ఢిల్లీలో పెట్టి వస్తివి. గిన్నె యాడ పెట్టేది? మళ్ళీ ఒరుగుతా ఉండాది!”

“తెండత్తా, చూద్దాం.”

తిలోత్తమ ఆ టైపు కాగితాన్ని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, మళ్ళీ అడ్డంగా మడిచింది. మందపాటి కాగితం, మంచిరకం. చుట్టగా చుట్టి, కొసలు ఒకదాంట్లో ఒకటి దోపి, బల్ల మీద పెట్టింది. రవణమ్మ దానిమీద కాగే రసం గిన్నె దించింది. గిన్నె ఒక్కసారి కదిలి, సర్దుకుని, నిలబడింది.

“కూర్చోండి,” అంది తిలోత్తమ పెద్దమనిషితో, కంచం ముందుకు జరుపుతూ. “ఇవాళ మా ఇంట్లో ఏదీ మాడలేదు.”